ఒకే తీగ మీద రెండు తోవలు

పెన్సిలిన్ సూది వెయ్యొద్దు, వాడికి పడదు. ముందు ఈ ఒక్క మాటే చెప్పాలి. కాలు ఎట్లా ఉందని అడగొద్దు, జ్వరం తగ్గిందా అని అడగొద్దు, ఏడవొద్దు, ముఖ్యంగా ఏడవొద్దు, ఏడుపు మొదలైతే మాట వెనక పడిపోతుంది. జనగామ తార్ ఆఫీసు బెంచీ మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అదే మాటను తిప్పి తిప్పి అనుకుంటున్నాను, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పే ముందు గోడవైపు తిరిగి అనుకున్నట్టు. నా చదువు ఏడో తరగతి దగ్గరే ఆగింది, కానీ పెన్సిలిన్ అన్న పేరు మాత్రం నా నోట తడబడదు, ఇన్నేళ్లుగా దాన్ని మా ఇంటి పగవాడి పేరులా గుర్తు పెట్టుకున్నాను. పొద్దున హన్మకొండ బస్సు కండక్టర్ మా గడప ముందు నిలబడి చెప్పాడు. భూపాలపల్లిలో బొగ్గు కోసం బోర్లు వేసే క్యాంపులో మా కొడుకు దయాకర్ కాలి మీద ఇనుప పైపు పడిందట, ఇంటికి చెప్పొద్దని వాడే అన్నాడట, ఇప్పుడు గాయం చీము పట్టి, ఒళ్లు తెలియని జ్వరంతో పడి ఉన్నాడట, ఒకే గదిలో ఉండే జహంగీర్ ఈ కబురు పంపాడట. "పరేషాన్ కాకు అవ్వా, మధ్యాహ్నం నుంచి క్యాంపు దవాఖానల పెద్ద సూదులు మొదలు పెడ్తరు, లేచి కూసుంటడు" అన్నాడు కండక్టర్, మంచి కబురు చెప్పినట్టు. చీము పట్టిన గాయానికి పెద్ద సూదంటే పెన్సిలినే, నేను భయపడింది ఆ మంచి కబురుకే. మా ఆయన భద్రయ్య అంగీ గుండీలు పెట్టుకుంటూనే తిరుగు బస్సు ఎక్కాడు. "నేను పోయేసరికి పొద్దుగూకుతది. అంతదాంక సూది ఆగుతదా? నువ్వు తార్ ఆఫీసుకు ఉరుకు, ఫోన్‌ల చెప్పు" అన్నాడు. ఉరికాను. చెప్పడానికి ఇక్కడ కూర్చున్నాను. ఫోను మాత్రం కలవలేదు.

అర్జెంటు ట్రంకాల్ అని బుక్ చేసినప్పుడు, ఫోన్లు కలిపే జహీరా బేగం చెవికి తగిలించుకున్న సెట్టు తియ్యకుండానే "అయితదక్కా, కూసో" అంది. అవుతుందని ఆమె అంటే నాకు కానివన్నీ కనబడతాయి. ఇక్కడి నుంచి హన్మకొండ, అక్కడి నుంచి పరకాల మీదుగా అడవిలోకి, ఎన్ని స్తంభాలో, ఏ స్తంభాన్ని ఏ లారీ గుద్దిందో, ఏ కోతి తీగ పట్టుకుని ఊగుతుందో, నడుమ ఎక్కడో లైన్ కలపాల్సిన మనిషి అప్పుడే టీ తాగడానికి లేచాడేమో. లేకపోతే అంతా బాగానే కలిసి, అవతల ఫోను మోగి మోగి, అందరూ నా కొడుకు మంచం చుట్టూ నిలబడి ఉండడం వల్ల ఎవరూ ఎత్తరేమో. ఎందుకు నిలబడతారు మంచం చుట్టూ, అట్లా ఎందుకు అనుకుంటావు రాజమణీ, మంచి ఆలోచన ఒక్కటీ రాదా నీకు? రాదు. మంచి దానంతట అది జరుగుతుంది, చెడుకే కాపలా కావాలి. ఫోను గదిలో రఘునాథపల్లి మక్కల వ్యాపారి తలుపు పగిలేట్టు అరుస్తున్నాడు, మెడ నరాలు తాళ్లలా లేచాయి. తార్ కొట్టే, అంటే టెలిగ్రాంలు పంపే, వెంకట్రాం సారు తన బల్ల దగ్గర నుంచే అన్నాడు, "గింత దానికి ఫోనెందుకు సేటూ, బయట నిలబడి అరువు, వరంగల్‌ల ఊకెనే వినబడ్తది." వ్యాపారి తల బయటికి పెట్టి, "మెల్లగ మాట్లాడితే పైసలు దండుగైనట్టుంటది సార్" అని మళ్లీ లోపలికి పోయి అరవసాగాడు. బెంచీ మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఉంటాను, పెదవులు కదిలాయి.

అరిచినా వినబడని రోజొకటి నాకు తెలుసు. అరవై తొమ్మిది. ప్రత్యేక తెలంగాణ కావాలని పిల్లలు బడులు వదిలి రోడ్ల మీదికి వచ్చిన యేడు. నేను మహబూబాబాద్‌లో మా అమ్మగారింట్లో ఉన్నాను, రైళ్లు ఎప్పుడు నడుస్తాయో ఎవరికీ తెలియదు, ఆయనేమో జనగామలో బట్టల దుకాణంలో గుమాస్తా. దయాకర్‌కు అప్పుడే బడి ఈడు వచ్చింది, మోకాలి మీద పుండు. కాంపౌండర్ సూది వేసి దూది ఇంకా తియ్యలేదు, వాడి పెదవులు ఉబ్బడం చూశాను, కళ్లు గీతలైపోయాయి, గొంతులో నుంచి సన్నటి ఈల, పిల్లనగోవిలో రాయి అడ్డం పడ్డట్టు, ఆ ఈల కూడా సన్నబడి సన్నబడి, నేను వాడి నోట్లో నోరు పెట్టి ఊదుతున్నాను, ఏం చేస్తున్నానో నాకు తెలియదు. పెద్ద డాక్టరు పరుగెత్తుకొచ్చి ఇంకేదో సూది పొడిచాడు. ఊపిరి తిరిగొచ్చింది. "అమ్మా, పెన్సిలిన్ ఈ పిల్లగానికి విషం, యాది పెట్టుకో" అన్నాడు. పెట్టుకున్నాను. ఆ సాయంత్రమే రైసు మిల్లు ఫోను నుంచి జనగామకు ట్రంకాల్ చేయించారు మా నాయిన. ఆ ఫోనులో నాకు వినబడింది రేకుల మీద వాన పడ్డట్టు హోరు, ఆ హోరులో ఎవరివో రెండు గొంతులు పెండ్లి సరుకుల గురించి మాట్లాడుకోవడం, వాటి మీద తార్ చప్పుడు, టక టక టక, వడ్రంగి పిట్ట చెట్టును పొడిచినట్టు. బతికాడని చెబుదామని నోరు తెరిస్తే పొద్దుటి నుంచి ఆపుకున్న ఏడుపంతా వచ్చింది. అవతల ఆయనకు ఆ ఏడుపొక్కటే వినబడింది. దొరికిన చోట లారీ ఎక్కి, దొరకని చోట రైలు పట్టాల వెంట నడిచి మహబూబాబాద్ చేరాడు. వచ్చేసరికి పిల్లవాడు గడపలో కూర్చుని అటుకులు, బెల్లం తింటున్నాడు. ఆయన చంకలో కాగితం చుట్టిన, కడసారి కప్పే కోరా బట్ట. కొడుకును చూశాడు, నన్ను చూశాడు, ఆ పొట్లాన్ని ఎక్కడ దాచాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు. దుకాణంలో పనిచేసేవాడు కదా, మంచి తాను నుంచి కత్తిరించి తెచ్చాడు. దాన్ని గడప దాటనివ్వలేదు, వాగులో విడిచి రమ్మన్నాను. అసలు వినబడకపోతే మనిషి ఇంకో మాట కోసం ఎదురు చూస్తాడు, సగం వినబడితే మిగతా సగం తనే అల్లుకుంటాడు. అప్పటి నుంచి నాకు ఫోనంటే ఆ హోరే.

ఇవాళ కూడా ఆ హోరే వస్తే? నేను వెయ్యొద్దు అంటే అవతలికి ఏది చేరుతుంది? వెంకట్రాం సారు నా మొహం చూశాడేమో, కలం చెవిలో పెట్టుకుంటూ అన్నాడు, "ఫోన్ కోసం ఎంతసేపని కూసుంటవమ్మా? నాలుగు ముక్కలు చెప్పు, తార్ కొడ్త. జల్ది పోతది."

"వద్దు సార్! తార్ వద్దు" అన్నాను, ఆయన కాగితం తియ్యకముందే. ఆయనకేం తెలుసు, మా వీధిలో తార్ జవాను సైకిలు దిగితే కాగితం విప్పకముందే ఏడుపు మొదలవుతుంది, పక్కింటివాళ్లు పొయ్యి ఆర్పేస్తారు. మా వీధికి తార్ అంటే ఒకటే కబురు. బతికున్న కొడుకు పేరు మీద నా చేతులతో నేనే తార్ పంపిస్తానా? పైవాడెవడో ఆ కాగితం చదివి, సరే ఈవిడే రాసింది కదా అనుకుంటే? అంతటితో ఊరుకోలేదు నేను. జనగామలో మాకొక పద్ధతి ఉంది, ఎవరింటికైనా కష్టం కబురుతో ట్రంకాల్ వస్తే, ముందు తార్ సారును "జర చెయ్యి ఆపుండ్రి" అని అడుగుతాం, ఆయన ఆపుతాడు. ఒకే తీగ మీద రెండూ నడిచేవి కాబట్టి తార్ చప్పుడు మాటలోకి వచ్చేది, చావు ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు బ్యాండు ఆపినట్టు సారు చెయ్యెత్తేవాడు. నేను లేచి ఆయన బల్ల దగ్గరికి పోయాను. "సార్, జర చెయ్యి ఆపుండ్రి."

"కాల్ ఇంక రానే రాలే గదమ్మా!"

"వచ్చేవరకు తీగ సాఫ్‌గ ఉండాలె సార్. నాకొక్కడే కొడుకు. మీ కాల్మొక్త."

వంగబోయాను. ఆయన కుర్చీ వెనక్కి జరిపి, "అరే, అరే, లే అమ్మా" అని కంగారు పడి, హన్మకొండకు ఆగమని ఏదో కొట్టి, రెండు చేతులూ కట్టుకున్నాడు. "ఇగో, నా వేళ్లకు నీ పేరు మీద సెలవు" అన్నాడు. మళ్లీ బెంచీ మీద కూర్చున్నాను. ఆఫీసు ఒక్కసారి పెద్దదైపోయినట్టు అనిపించింది. పైన ఫ్యాను కిర్రుమంటుంది, ఇంతసేపూ ఆ చప్పుడు ఎక్కడ దాక్కుందో. వ్యాపారి వెళ్లిపోయాడు. ఇప్పుడు తీగ శుభ్రంగా ఉంటుంది, వాకిలి ఊడ్చి నీళ్లు చల్లినట్టు, రా, రా, మోగు. మోగలేదు. ఆ నిశ్శబ్దంలో నాకు భూపాలపల్లి దవాఖానా కనబడసాగింది, నేనెప్పుడూ చూడని దవాఖానా. స్టవ్ మీద గిన్నెలో నీళ్లు కాగుతున్నాయి, అందులో గాజు సూది దొర్లుతోంది, కాంపౌండర్ చిన్న సీసా తీసి లోపలి తెల్లపొడిని వెలుతురుకు పట్టి చూస్తున్నాడు, నీళ్లు కలిపి అరచేతుల మధ్య దొర్లిస్తున్నాడు, మెల్లగా, ప్రేమగా, అందరు కాంపౌండర్లు దొర్లించినట్టే. నా కొడుకు ఒళ్లు తెలియక బోర్లా పడుకుని ఉన్నాడు. తెలివి ఉంటే వాడే చెప్పును. అక్షరాలతో పాటు అదీ నేర్పించాను, నీకేం పడదురా అంటే పెన్సిలిన్ అవ్వా అనేవాడు, చుట్టాల ముందు పద్యం చదివినట్టు. వెంకట్రాం సారు బల్ల మీద కాగితాలు పేరుకుంటున్నాయి. ఒకాయన వచ్చి ఇంకో కాగితం ఇచ్చి, చేతులు కట్టుకున్న సారును, నన్ను, మార్చి మార్చి చూసి పోయాడు.

జహీరా మంచినీళ్లు తాగడానికి చెవి సెట్టు తీసింది. తీసి, చెవి రిక్కించింది. "ఏంది సార్, మీ వడ్రంగి పిట్ట చప్పుడు చేస్తలేదు? సచ్చిందా?" అంది. ఆ మాటకు నేను ఉలిక్కిపడడం చూసి నాలుక కరుచుకుంది. సారు గడ్డంతో నన్ను చూపించాడు. జహీరా నవ్వుతూ నా చెయ్యి పట్టుకుని తన బల్ల దగ్గరికి తీసుకుపోయింది. గోడకు ఆనించి బీరువా అంత ఇనుప పెట్టె ఉంది, దాని ముందు పలకల మీద చిన్న చిన్న దీపాలు. "ఇది చూసినవా రాజమణక్కా? మొన్న పెట్టిండ్రు. తార్ ఆపుడు, చెయ్యెత్తుడు, ఆ ముచ్చటలన్నీ పోయినయ్ ఇగ. ఇప్పుడు మాటకొక తోవ, తార్‌కొక తోవ."

"తీగ ఇంకోటి గుంజిండ్రా?"

"తీగ అదే. తోవలే వేరు."

"ఒక్క తీగ మీద రెండు తోవలెట్లుంటయి జహీరమ్మా? నన్ను పిచ్చిదాన్ని చెయ్యకు."

"పెండ్లి ఊరేగింపుల డప్పు, సన్నాయి ఒక్క గాలిలనే వస్తయి గద? డప్పు మీదికి సన్నాయి ఎక్కి కూసుంటదా? నీ చెవి దేన్నది వేరు చేసుకుంటది. గిదీ గంతే. ఈ పెట్టె ఒక మాటను సన్నాయంత పైకి లేపుతది, ఒకదాన్ని డప్పంత కిందుంచుతది. అందరు ఒక్క తీగ మీదనే ఉరుకుతరు. ఆ కొసకున్న పెట్టె జల్లెడ పట్టి ఎవలది వాళ్లకిస్తది."

"ఆ తోవ కండ్లకు కనబడ్తదా?"

"నాకు గూడ కనబడదక్కా. చెవి పెడితేనే ఎరుక. దా, ఇటు రా" అంటూ తన చెవి సెట్టును నా కుడి చెవికి ఆనించింది, ఇనుము చల్లగా తగిలింది. "సార్, కొట్టుండ్రి జర." వెంకట్రాం సారు చేతుల ముడి విప్పాడు. ఆయన వేలు కిందికి మీదికి దూకింది, టక టక టక, ఎడమ చెవిలో, గదిలో నుంచి. కుడి చెవిలో ఏమీ లేదు. హోరు లేదు, పెండ్లి సరుకుల గొంతులు లేవు, పిట్ట లేదు. కడిగి బోర్లించిన కంచు గిన్నె లోపల చెవి పెట్టినట్టు, నునుపైన నిశ్శబ్దం. ఒక చెవిలో తార్, ఒక చెవిలో అది లేదు, రెండూ పోయేది ఒకటే తీగ మీద, ఆ తీగ నాకు కిటికీలో నుంచి కనబడుతోంది, దాని మీద ఎండకు రెండు పిచ్చుకలు కూర్చున్నాయి. నా ఒళ్లు జలదరించింది. ఇది భయం కాదు, భయమైతే నాకు తెలుసు, భయం కడుపులో పుడుతుంది, ఇది నెత్తి మీద వెంట్రుకల దగ్గర మొదలైంది, చీకటి గర్భగుడిలో హారతి వెలిగించగానే దేవుడి మొహం ఒక్కసారి కనబడ్డట్టు.

ఆ పిచ్చుకల కాళ్ల కింద నుంచి ఇప్పుడు ఎంతమంది పోతున్నారో. ఎవరి బిడ్డ పుట్టిందో, ఎవరి పత్తి అమ్ముడుపోయిందో, ఎవరు ఎవరిని రమ్మంటున్నారో, అందరూ ఒకరి లోపల నుంచి ఒకరు నడిచిపోతున్నారు, ఒకరి భుజం ఒకరికి తగలకుండా. పిచ్చుకలకు తెలియదు. ఇట్లాంటి వింతను మనిషి చేశాడా? చేసినవాడికైనా ఒళ్లు జలదరించిందా? కానీ ఇది ఎక్కడో చూసినట్టే ఉంది నాకు. గొంతు. ఒకే గొంతులో అన్నం పోయే తోవ, ఊపిరి పోయే తోవ, మాట వచ్చేదీ అందులో నుంచే. పుట్టినప్పటి నుంచి పాలు తాగుతూనే ఊపిరి పీల్చాడు నా కొడుకు, ఎవరు నేర్పారు? ఏదీ దేనికీ అడ్డం రాలేదు, ఆ సూది పడ్డ రోజు తప్ప. ఒళ్లంతా ఇట్లాంటి కనబడని తోవలే ఉన్నాయన్నమాట, మూసుకున్న రోజు తప్ప మనకు వాటి సంగతి పట్టదు. నేను వాడి గొంతు గురించి ఇన్నేళ్లు భయపడ్డాను, అది తెరుచుకుని ఉన్న ఇన్ని రోజుల గురించి ఒక్కసారీ ఆశ్చర్యపోలేదు.

సారు బల్ల మీది కాగితాల కుప్ప అప్పుడు కనబడింది నాకు. నేను ఆపించిన మాటలు అవి. అందులో కూడా ఎవరి కొడుకో ఉండి ఉంటాడు. చల్లగా ఉన్న ఆ సెట్టును చెవి నుంచి తీసి జహీరాకు ఇచ్చి, సారు దగ్గరికి పోయి నిలబడ్డాను. వీధిలో సైకిలు దిగే జవాను కనబడ్డాడు, పొయ్యిలు ఆర్పేసే పక్కింటివాళ్లు కనబడ్డారు. అయినా అన్నాను. "సార్, అవి ముందు పంపుండ్రి. ఆ తర్వాత నాది గూడ కొట్టుండ్రి. తార్."

"ఏంది, మనసు మారిందా? ఇంతకుముందు అంటే మీదికొస్తివి."

"రెండు తోవలున్నయంటున్నరు గద సార్. రెండిట్ల పంపుత. ఒక్కటన్న చేరదా?"

"నీదే ముందు కొడ్త తియ్యి. ప్రాణం మీది ముచ్చటకు అందరు ఆగుతరు" అని ఆయన కాగితం తీసి ఇంగ్లీషులో రాశాడు. పెన్సిలిన్ అన్న చోట వేలు పెట్టి చూపించమన్నాను. చూపించాడు. ఆయన వేలు మీట మీదికి వంగిన క్షణంలోనే జహీరా గట్టిగా పిలిచింది, "అక్కా! భూపాలపల్లి! ఉరుకు!"

ఫోను గదిలోకి ఎట్లా పోయానో తెలియదు. ఫోను రెండు చేతులతో పట్టుకున్నాను. అవతల "హలో, క్యాంపు" అన్నది జహంగీర్ గొంతు, పోయిన యేడు మా ఇంట్లో జొన్నరొట్టెలు తిని ఇంకోటి వెయ్యమ్మా అన్న గొంతు. పలకరింపు లేదు ఏమీ లేదు, "పెన్సిలిన్ సూది వెయ్యొద్దు! వాడికి పడదు! పెన్సిలిన్..." అని మక్కల వ్యాపారికన్నా గట్టిగా అరిచాను.

"అమ్మా! అమ్మా, జర మెల్లగ! చెవి పగిలిపోతది" అన్నాడు జహంగీర్. "పక్కన నిలబడ్డట్టే వినబడ్తున్నది. ఏ సూదన్నవ్? పెన్సిలినా?"

"పెన్సిలిన్ బిడ్డా." ఈసారి మామూలుగా అన్నాను. నా మామూలు గొంతు ఎట్లా ఉంటుందో నాకే కొత్తగా వినబడింది. "అది వేస్తే వానికి ఊపిరాడదు."

"యా అల్లా! పెట్టెయ్యకమ్మా, పట్టుకోనుండు" అన్నాడు. ఫోను చెక్క బల్ల మీద పడింది. చెప్పులు దూరంగా పరుగెత్తాయి, వరండా పొడవునా, ఒక మెట్టు దిగి, మట్టిలోకి. అడవి పక్కనున్న ఆ ఊరంతా నా చెవిలోకి వచ్చేసింది. కాకి అరిచింది. ఎక్కడో బోరు మిషను భూమిలోకి పోతూ గొణుగుతోంది. బొక్కెన కడ్డీ కదిలింది. ఎవరో దగ్గారు, వాడేనా, వాడి దగ్గు ఇట్లాగే రెండుసార్లు విరిగి వస్తుంది, కాదేమో, మళ్లీ దగ్గితే బాగుండు. జహీరా అద్దం అవతల నుంచి, మాట్లాడక్కా టైం అయిపోతుందని వేళ్లతో సైగ చేసింది. నేను తల అడ్డంగా ఊపాను, మాట్లాడను, వింటాను. ఆమె ఒక క్షణం చూసి, నా వైపు వీపు తిప్పుకుంది, లైన్ తియ్యలేదు. మట్టిలో చెప్పులు తిరిగొస్తున్నాయి. రెండు జతలు. ఒకటి పరుగు, ఒకటి విసురు నడక.

"ఎవరమ్మా మీరు?" కొత్త గొంతు, కోపంగా. "నేను కాంపౌండర్‌ను. మందు ఎక్కిచ్చి చేతిల పట్టుకున్నంక ఇప్పుడు చెప్తరా?"

"వేసిండ్రా అయ్యా?"

"వేస్తే నేను ఈడెందుకుంట? సూది, పళ్లెం చేతులల్లనే ఉన్నయి. పోరగాడు గుంజుకొచ్చిండు నన్ను. ఏమైతది వేస్తే?"

చెప్పాను. పెదవులు ఉబ్బడం, కళ్లు గీతలు కావడం, ఆ ఈల. మెల్లగా చెప్పాను, పక్క మంచం మీద నిద్రపోతున్న పిల్లల్ని లేపకుండా చెప్పినట్టు. ఒక్క మాటా రెండోసారి చెప్పాల్సి రాలేదు. ఆయన మధ్యలో ఊ కొట్టలేదు, కానీ ముక్కుతో ఊపిరి పీల్చడం వినబడుతోంది నాకు, ఆ ఊపిరి ఒక్కసారి ఆగి, పొడుగ్గా బయటికి రావడమూ వినబడింది.

"సరేనమ్మా" అన్నాడు, కోపం లేదు ఇప్పుడు. "డాక్టర్ సాబ్‌కు చెప్పి వేరే మందు పెట్టిస్త. ఇది వెయ్య."

ఆ తరువాత ఒక చప్పుడు. స్టీలు పళ్లెంలో గాజు సూదిని పక్కన పెట్టేసిన చప్పుడు. అంత చిన్నది, ఆ పక్కన నిలబడ్డ జహంగీర్‌కైనా వినబడిందో లేదో. జనగామలో నిలబడి నేను విన్నాను.